నూనె లేని తల

గంగక్కకు లోకంలో గిట్టనివి చాలానే ఉన్నాయి గానీ, నూనె పెట్టని తలంత గిట్టనిది ఇంకోటి లేదు. బత్తలపల్లె రోడ్డు మీద ఏ పిల్ల జుట్టు విరబోసుకుని బస్సెక్కినా సరే, ఆమె మూతి మూడు వంకర్లు పోయేది. "దాని తల చూడు, ఎండిన బోదగడ్డి మాదిరి ఉండాది. ఇంట్లో తల్లి ఉండాదో లేదో," అనేది, ఆ పిల్లకు వినపడేట్టుగానే. టీవీలో షాంపూ ప్రకటన వస్తే, అందులో తల ఊపే ఆడమనిషి ఏదో తనను తిట్టినట్టు లేచి వెళ్లి టీవీ కట్టేసేది.

పక్కింటి హేమావతి అంటే మరీ చులకన. హేమావతి కూతురు శశి అనంతపురంలో చదువుతూ, సెలవులకు ఊరికొచ్చినప్పుడల్లా పొడి జుట్టుతో వీధిలో తిరిగేది. ఒకరోజు కొళాయి దగ్గర పది మంది బిందెలు పెట్టుకుని నిలబడి ఉండగా గంగక్క హేమావతిని పట్టుకుంది. "ఏమ్మే హేమా, ఇంట్లో నూనె అయిపోయిండాదా? చెప్పింటే ఒక గ్లాసు పోసింటా కదా. ఆడపిల్లను అట్లా పంపిస్తారా వీధిలోకి?" అంది. అందరూ నవ్వారు. హేమావతి బిందె నిండకముందే ఎత్తుకుని వెళ్లిపోయింది. గంగక్కకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

ఆమె ఇంట్లో మాత్రం నూనె అయిపోవడం అన్న మాటే లేదు. మొగుడు కుళ్లాయప్పకు నాలుగెకరాల ఎర్రనేల ఉంది. వాన పడితే శెనక్కాయ, పడకపోతే దిగులు. ఏ ఏడాది ఎంత పండినా, ముందు ఒక మూట కాయలు గానుగకు పోవాల్సిందే. పండని ఏడాది కాయలు కొని మరీ ఆడించేది. వంటింటి గోడ వారన రెండు డబ్బాలు ఎప్పుడూ నిండుగా ఉండేవి. ఇంటికొచ్చిన వాళ్ల కళ్లు వాటి మీద పడేట్టుగా పెట్టుకుంది వాటిని.

దీనికి కారణం ఉంది. గంగక్క పుట్టిల్లు నల్లమాడ దిక్కు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు వరసగా మూడేళ్లు వాన లేదు. ఇంట్లో కూరకే నూనె లేదు, ఇక తలకెక్కడిది? వాళ్లమ్మ తలకు నీళ్లు తడిమి, నున్నగా దువ్వి, జడ వేసి బడికి పంపేది. పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నానికి ఆరిపోయి జుట్టంతా పైకి లేచేది. ఆ దిక్కున ఇంట్లో ఎవరన్నా చచ్చిపోతే మైల రోజుల్లో తలకు నూనె పెట్టుకోరు. బెంచీలో పక్కన కూర్చున్న పిల్ల అందరి ముందరా అడిగింది, "మీ ఇంట్లో ఎవరు సచ్చినారు మే?" అని. గంగక్క మళ్లీ బడికి పోలేదు. ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి. ఆ పిల్ల పేరు మరిచిపోయింది గానీ మాట మరిచిపోలేదు.

అందుకని కూతురు మల్లీశ్వరికి పాలు మాన్పించిన నాటి నుంచి ఒకటే పద్ధతి. పొద్దున్నే మెట్టు మీద కూర్చుని, కూతుర్ని రెండు మోకాళ్ల మధ్యకు లాక్కుని, అరచేతి గుంట నిండా నూనె పోసి మాడున అదిమేది. అది కణతల మీదుగా కారేది. చేతికి మిగిలిన జిడ్డు వేస్టు చేయడమెందుకని కూతురి నుదుటికీ బుగ్గలకీ బాగా రుద్దేది. మొగం కళగా ఉంటుందట. మల్లీశ్వరికి ఇరవై ఒకటి వచ్చినా, డిగ్రీ అయినా ఈ పద్ధతి మారలేదు.

మల్లీశ్వరి ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో చేరింది. యజమాని బదరీనారాయణ ఆమెను ముందరి వరసలో పెట్టాడు. కొనడానికొచ్చిన వాళ్లకు చీర విప్పి, పల్లు తన భుజాన వేసుకుని, అద్దం ముందు తిరిగి చూపించే పని. ఆ పిల్లకు ఆ పని ప్రాణం. ఏ రంగు చీర పక్కన ఏ రంగు చీర వేస్తే చూసేవాళ్ల మనసు మారుతుందో ఆరు నెలల్లో పట్టేసింది. ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా అదే చెప్పేది.

సంక్రాంతి దాటాక నుదుటి మీద నాలుగు మొటిమలు లేచాయి. శివరాత్రికి బుగ్గలకు దిగాయి. ఆ తర్వాత ముఖంలో వేలు పెట్టడానికి చోటు లేదు. ఊళ్లో ప్రతి ఒక్కరూ డాక్టరైపోయారు. ఒకరు పళ్లు తోమే పేస్టు రాయమన్నారు, ఒకరు నిమ్మకాయ రుద్దమన్నారు, ఇంకొకరు మొటిమ గిల్లితే లోపలి విషం పోతుందన్నారు. వాళ్లెవ్వరి ముఖాలూ చూడబుద్ధేసేవి కావు, అది వేరే సంగతి. కుళ్లాయప్ప మటుకు బోరు నీళ్ల ఉప్పు వల్ల అన్నాడు. ఆయనకు మోకాలు నొప్పొచ్చినా బోరు నీళ్లే కారణం.

గంగక్క వేపాకు, పసుపు నూరి పూసింది. తగ్గలేదు. బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు పెట్టుకున్న జయరాం ఒక చిన్న ట్యూబు ఇచ్చి, "వారంలో మొగం గాజు మాదిరి అవుతాదక్కా," అన్నాడు. దువ్వెనలూ రిబ్బన్లూ అమ్ముకునేవాడు మందుల సంగతి మాట్లాడటమే ఒక దౌర్భాగ్యం. నిజంగానే వారం రోజులు ముఖం మెరిసింది. గంగక్క ఊరంతా చెప్పింది. రెండో నెలలో ట్యూబు ఆపిన రోజు నుంచి ఎర్రగా మండి, ముందున్న దానికి రెండింతలు లేచాయి.

అప్పుడు బదరీనారాయణ మల్లీశ్వరిని లోపలికి పిలిచాడు. "నీ పని మంచిదే పాపా. కానీ చీర చూడాల్సినోళ్లు నీ మొగం చూస్తాండారు. కొన్నాళ్లు లోపల మడతలు పెట్టు. శ్రావణం పెండ్లిండ్లకు తగ్గిందంటే ముందరికి రా, లేదంటే ఆ పనికి ఇంకో పిల్లను పెట్టుకుంటా," అన్నాడు. శ్రావణానికి మూడు నెలలుంది.

"వాని బట్టతలకు అద్దం చూపించేవాళ్లు లేక," అంది గంగక్క. రెండు రోజులు అతన్ని తిట్టింది, మూడో రోజు అతని తాతను తిట్టింది. మల్లీశ్వరి గోడకున్న అద్దాన్ని తిప్పి పెట్టింది. చీరల కబుర్లు ఆగిపోయాయి. నాలుగో రోజు, "అనంతపురంలో చర్మం డాక్టరు దగ్గరికి పోతా మా. వస్తే రా, లేకుంటే నేనే పోతా," అంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. మల్లీశ్వరి నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట వేలితో రాసి, ఆ వేలు చూసుకుంది.

"ఏం నూనె ఇది?"

"మా చేలో కాయలది," అంది గంగక్క, కుర్చీలో కొంచెం ముందుకు జరిగి. "గానుగలో నా కండ్ల ముందర ఆడించింది. కల్తీ లేదు."

"మంచి నూనె అమ్మా. కూరల్లో వాడండి," అంది డాక్టరమ్మ. "మొటిమలు పుట్టే చర్మం ఈ అమ్మాయిది. తల నుంచి కారే నూనె, ముఖానికి రుద్దే నూనె రంధ్రాలు మూసేస్తున్నాయి. ఆ ట్యూబు ఇంకా పాడు చేసింది. నూనె నువ్వే పెట్టుకుంటావా పాపా, ఎవరన్నా పెడతారా?"

గంగక్క నోరు తెరిచింది. అంతకంటే ముందే మల్లీశ్వరి, "నేనే పెట్టుకుంటా మేడమ్," అంది. గంగక్క కూతురి వైపు చూడలేకపోయింది. తన చేతులు ఒళ్లో కనిపిస్తే వాటిని కొంగు కిందికి తీసుకుంది.

డాక్టరమ్మ చెప్పింది పెద్ద చిట్కా ఏమీ కాదు. తలకు నూనె పూర్తిగా ఆపాలి. ముఖం రోజుకు రెండుసార్లు, ఆమె రాసిచ్చిన ఫేస్‌వాష్‌తో మెత్తగా కడగాలి, రుద్దకూడదు. రాత్రి కందిబేడంత జెల్ ముఖమంతా పలచగా రాయాలి, పైన జిడ్డు లేని క్రీము. పొద్దున బయటికి పోయే ముందు సన్‌స్క్రీన్. దిండు గలీబు తరచూ ఉతకాలి. గిల్లకూడదు. "మొదటి మూడు నాలుగు వారాలు ఇంకా ఎక్కువైనట్టు కనిపించొచ్చు. భయపడి ఆపొద్దు. రెండు మూడు నెలలు పడుతుంది," అంది.

బస్సులో గంగక్క దారి పొడుగునా డాక్టరమ్మను ఆడిపోసుకుంది. "దాని తల చూసినావా? అదీ ఎండు తలే. అందుకే అందరి తలలూ ఎండబెడతాంది." మల్లీశ్వరి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక ఒక్క మాట అడిగింది. "డాక్టరు దగ్గరికి పోయినట్టు ఎవరికీ చెప్పొద్దు మా. చెబితే రోజూ నిలబెట్టి తగ్గిందా తగ్గలేదా అని నా మొగంలోకి తొంగి చూస్తారు. నాకు ఇంక ఓపిక లేదు."

"నేనెందుకు చెప్తా," అంది గంగక్క.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ నూనె గిన్నెతో మెట్టు మీద కూర్చుంది. మల్లీశ్వరి పొడి జుట్టుకు జడ వేసుకుని, ఆమె పక్కనుంచే దిగి బస్సుకు పోయింది. గంగక్క గిన్నెలో నూనెను మళ్లీ డబ్బాలో పోసింది.

ఆ తర్వాత ఆ జెల్‌నూ ఆ క్రీములనూ ఎంత ఎగతాళి చేయాలో అంతా చేసింది. కందిబేడంత మందుకు ఇంత పెద్ద డబ్బీ ఎందుకని అడిగింది. మొగం కడగడానికి కూడా చదువు కావాల్సిన కాలం వచ్చిందని కుళ్లాయప్పతో అంది. కానీ రెండు రోజులకొకసారి దిండు గలీబు ఉతికి ఆరేసింది ఆమే. ఒకరోజు కూతురు అలిసిపోయి మందు రాసుకోకుండా పడుకోబోతే లేపి కూర్చోబెట్టింది కూడా ఆమే.

నాలుగో వారంలో డాక్టరమ్మ చెప్పినట్టే ముఖం మరీ అధ్వాన్నమైంది. ఆ ఆదివారం మల్లీశ్వరి తల్లితో పాటు కొళాయికి వచ్చింది, ముఖం కిందికి వంచుకుని, పొడి జుట్టు గాలికి ఎగురుతుంటే. బిందెల వరసలో పది మంది ఉన్నారు. హేమావతి ఉంది. ఆమె ఇన్నాళ్లూ దీని కోసమే కాచుకుని ఉందేమో, కాసేపు మల్లీశ్వరి తలవైపు తీరిగ్గా చూసింది.

"ఏం గంగక్కా, ఇంట్లో నూనె అయిపోయిండాదా? చెప్పింటే ఒక గ్లాసు పోసింటా కదా."

అందరూ ఇటు తిరిగారు. గంగక్క దగ్గర జవాబు ఉంది. రెండు డబ్బాల నూనె ఉంది, అనంతపురం డాక్టరు చీటీ ఉంది, నోట్లో హేమావతి ఏడు తరాలను కడిగేసే మాటలున్నాయి. ఏ మాట మొదలుపెట్టినా అది కూతురి ముఖం దగ్గరికే వచ్చి ఆగుతుంది. పక్కన మల్లీశ్వరి బిందె చెవి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"అవును మే," అంది గంగక్క. "అయిపోయిండాది. ఒక గ్లాసు పొయ్యి."

ఎవరో కిసుక్కున నవ్వారు. హేమావతి ఇంటికి పోయి నిజంగానే గ్లాసు నిండా నూనె తెచ్చింది, అందరూ చూస్తుండగా. పాకెట్టు నూనె, నీళ్ల రంగులో ఉంది. గంగక్క అందుకుంది. ఇంటికొచ్చి దాన్ని నిండు డబ్బాల పక్కన పెట్టి, తొమ్మిదేళ్ల పిల్లలా గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది.

శ్రావణం రెండో శుక్రవారం ఆమె ధర్మవరం పోయింది. అంగడి లోపలికి పోలేదు, రోడ్డవతల నిలబడింది. అద్దాల వెనక మల్లీశ్వరి ఆకుపచ్చ చీర పల్లు భుజాన వేసుకుని తిరుగుతోంది. బుగ్గల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి గానీ తల ఎత్తుకుని నవ్వుతోంది. ఫ్యాను గాలికి ముంగురులు ఎగురుతున్నాయి. "ఎండు తల," అనుకుంది గంగక్క మూతి వంకరగా పెట్టి. కళ్లు తుడుచుకుని బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి హేమావతి గంగక్క మెట్టు మీద కూర్చుని ఉంది, చేతిలో గ్లాసుతో. ఆ కొళాయి రోజు నుంచి లెక్కేస్తే అది ఆరో గ్లాసో ఏడోదో.

"ఇంగా కావాలంటే మొహమాటపడొద్దక్కా," అంది.

"పడనులే," అంది గంగక్క, గ్లాసును రెండు చేతులతో అందుకుంటూ.