బుంగమూతికి మేనేజరు కావాలి

అతని మొహం పుట్టుకతోనే అంత. కడుపునిండా తిన్నా, పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డా, ఇంట్లో ఎవరో పోయినట్టే మూతి కిందికి వేలాడుతుంది. అందుకే మేస్త్రి దగ్గర్నుంచి కట్టుకున్నదాని దాకా అందరికీ బుంగమూతే. ఇళ్ళకి రంగులేసే పని. బడి మెట్లు ఎక్కింది తక్కువ, నిచ్చెన మెట్లు ఎక్కింది ఎక్కువ.

ఒకసారి ఓ పెద్దింటికి రంగులేస్తుంటే కింద హాల్లో ఏదో ప్రకటన తీస్తున్నారు. కూతురు పరీక్ష తప్పితే దిగులుపడే తండ్రి కావాలి. రావాల్సిన నటుడు రాలేదు. డైరెక్టర్ తల పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ పైకి చూశాడు.

"బాబాయ్, ఒకసారి దిగుతావా?"

దిగాడు. కూర్చోమన్న కుర్చీలో కూర్చున్నాడు. "అబ్బ, అదిరింది! అలాగే ఉండు" అన్నారంతా. తను మామూలుగానే ఉన్నానన్న సంగతి అతనికొక్కడికే తెలుసు.

ఆ ప్రకటన టీవీలో వచ్చాక ఇంకో రెండు చిన్న వేషాలు తగిలాయి. అప్పుడు పుట్టింది ఆశ. కుడి భుజం ఎత్తితే పటపటమంటోంది. సీలింగ్ పని చేసినరోజు చొక్కా విప్పడానికి కూడా పెళ్ళాం సాయం పట్టాలి. ఈ నటన పనే ఖాయమైతే బ్రష్షులన్నీ అటకెక్కించెయ్యొచ్చు కదా అనుకున్నాడు.

"ఊరికే ఇంట్లో కూర్చుంటే ఎవడు పిలుస్తాడు బావా? మేనేజరుండాలి" అన్నాడు బావమరిది. షూటింగులకి వ్యాను నడుపుతాడు. తన వ్యాను ఎక్కినవాళ్ళందరూ తనకి దగ్గరివాళ్ళే అంటాడు. అతనే ఓ మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గదిలో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యని మనిషి. గోడనిండా నటుల ఫొటోలు, ప్రతిదాన్లో పక్కన ఈయనే నవ్వుతూ.

"ఏమేం వచ్చు నీకు?"

"గోడ గీకడం, లప్పం పట్టడం..."

"ఆ గోల కాదయ్యా. ఈత వచ్చా?"

"రాదండీ. నీళ్ళంటేనే భయం."

"వచ్చు అనాలి. ఈ లైన్లో అందరూ అన్నీ వచ్చనే చెప్తారు. తర్వాత సంగతి తర్వాత." అంటూనే ఫోన్ తీశాడు. "పడవ నడిపే ముసలాడు కావాలన్నారుగా, మావాడున్నాడు. ఈతా? చేపండీ, చేప!"

ఫోన్ పెట్టేసి, "వేషం ఖాయం. ఇంక రంగులపని మానెయ్. మూడేళ్ళదాకా నేను తప్ప నీ తరఫున ఎవరూ మాట్లాడకూడదు. సోమవారం వచ్చి సంతకం పెట్టు" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే పెళ్ళాం ఒక్కటే అడిగింది. "కథలో ఆ పడవ ఏమవుతుందట?"

"మునుగుతుంది."

"మునిగాక నువ్వేమవుతావ్?"

అది అతను అడగలేదు.

"పిల్లనివ్వాలంటే నాలుగిళ్ళు వాకబు చేస్తాం. నిన్నివ్వడానికి ఒక్కిల్లు సరిపోయిందా?" అంది. లాండ్రీ పైగదిలో ఉండే ప్రాంప్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు నాటకాలకి తెర పక్కన నిలబడి, నటులు మర్చిపోయిన మాటలు మెల్లగా అందించేది. ఇప్పుడు నలుగురైదుగురు నటుల పనులు చూస్తోంది. కింద ఇస్త్రీ వేడికి గది గచ్చు కూడా వెచ్చగా ఉంది. ఉన్నది ఒక్క కుర్చీ, దానిమీద పిల్లి. వీళ్ళని మంచంమీద కూర్చోబెట్టి, పడవ వేషం సంగతంతా విన్నది.

"ఫొటోలేం లేవేంటి పిన్నిగారూ?" అంది పెళ్ళాం.

"ఉన్నాయమ్మా, ఎవరివి వాళ్ళ ఇళ్ళల్లో." అతనివైపు తిరిగింది. "నీకేం రాదు నాయనా?"

ఇలా ఎవరూ అడగలేదు. తల గోక్కున్నాడు. "ఈత రాదు. బండి రాదు. కుడి భుజం సరిగ్గా లేవదు. చదవాలంటే కూడబలుక్కోవాలి. ఏడవమంటే ఏడుపు రాదు."

"ఆ మొహానికి మళ్ళీ ఏడుపు కూడానా, దండగ!"

ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఆవిడ అంది: "కోపం తెచ్చుకోకు. నీ మొహానికి పని దొరుకుతుంది. కానీ ఏడాది పొడుగునా దొరకదు. రంగులపని వదలకు. ఆ భుజం ముందు డాక్టరుకి చూపించుకో. వేషం వచ్చాకే నా వాటా, అదెంతో నీకు ముందే చెప్తా. నచ్చకపోతే ఎప్పుడైనా నీ దారిన నువ్వు పో. పడవ వేషం మాత్రం నేనైతే వద్దంటాను."

మెట్లు దిగుతూ బుంగమూతి రుసరుసలాడాడు. "ఇదేం మేనేజరే? ఉన్న ఆశ కూడా ఊడ్చేసింది!"

పెళ్ళాం చెంగు దోపుకుని ముందు నడిచింది.

శనివారం పనిలోంచే నల్లద్దాలాయనకి ఫోన్ చేశాడు. "అయ్యా, నాకు ఈత రాదని వాళ్ళకి చెప్పండి."

"ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కావాలి? నడుముకి తాడు కడతార్లేవయ్యా."

"ఆ తాడు ఎవరు పట్టుకుంటారండీ? మీరొస్తారా?"

"నేనా? నాకు నువ్వొక్కడివేనా? దిగు, అదే అలవాటవుతుంది." ఫోన్ పెట్టేశాడు.

బుంగమూతి మళ్ళీ పనికి లేచాడు. మేడమెట్ల పైన ఒక్క మూలే మిగిలింది. రెండడుగులెక్కేసరికి, కింద నిచ్చెన పట్టుకున్న జోడీ పనివాడు అరిచాడు. "అన్నా, దిగు! నిచ్చెన కాలొకటి నేలకి ఆనట్లేదు."

"ఒక్క మూలేరా, రెండు చేతులు రంగేస్తే అయిపోతుంది."

"అయిపోయేది నువ్వు. దిగమన్నానా!"

తిట్టుకుంటూ దిగాడు. వాళ్ళ పనిలో అది కట్టుబాటు. పైవాడికి ఎంత తొందరున్నా, కిందివాడు ఊ అంటేనే ఎక్కాలి. జోడీవాడు నిచ్చెన కాలి కింద చెక్కముక్క సర్దుతుంటే బుంగమూతి పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఎన్నేళ్ళుగానో వీడు దిగమన్నప్పుడల్లా తను తిట్టాడు, అయినా పొద్దున్నే జోడీ ఎవరంటే వీడినే అడిగాడు.

సోమవారం నల్లద్దాలాయన దగ్గరికి వెళ్ళి, సంతకం పెట్టనని చెప్పాడు.

"నీలాంటి మొహాలు వీధికి పది!"

"ఉంటాయండీ" అని లేచాడు. లేచేటప్పుడు చూశాడు, ఒక ఫొటో పక్కకి జరిగుంది. దాని వెనక గోడ చెమ్మపట్టి పెచ్చులూడుతోంది. నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేదు. అట్నుంచటే లాండ్రీ మెట్లెక్కాడు.

బావమరిది వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఉండబట్టలేక, "నోటిదగ్గరి కూడు కాలదన్నుకున్నావ్ బావా. ఇంతకీ ఆ ముసలావిడ నీకేం చేస్తానంది?" అన్నాడు.

"ఏమీ చేస్తాననలేదు."

"మరి ఆవిడకెందుకు ఒప్పుకున్నట్టు?"

బుంగమూతి చొక్కా విప్పుకోలేక అవస్థపడుతున్నాడు. పెళ్ళాం వచ్చి చెయ్యి లాగింది. "మెల్లగా లాగవే, రేపు ఆ భుజం డాక్టరుకి చూపించాలి" అన్నాడు. "చూపించుకున్నావా అని ప్రాంప్టరమ్మ మళ్ళీ అడుగుతుంది."