గేర్ బాక్సులో ఆముదం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆముదానికీ గేర్ ఆయిల్‌కీ ఒకే రకం రేకు డబ్బాలు ఉండేవి. ఈ మాట చెప్తే మా మనవరాళ్లు నవ్వుతారు గానీ, తొమ్మిదో ఏట నాకు ఒక పూటంతా అన్నం సహించకుండా చేసినవి ఆ డబ్బాలే.

మా ఇల్లు ఆదోనిలో, ఎమ్మిగనూరు దారి పట్టేచోట ఉండేది. మా నాయన ఒక పత్తి షావుకారు లారీ నడిపేవాడు. దాని గేర్ బాక్సు కొంచెం కొంచెంగా కారేది. వారానికోసారి నాయన లారీ కిందికి దూరి, గేర్ బాక్సు పక్కనుండే బిరడా విప్పి, లోపలికి వేలు పెట్టి చూసేవాడు. వేలికి ఆయిల్ తగలకపోతే డబ్బాలోది పోసేవాడు. ఇంజనుకు పోసేది గేర్లకు పనికిరాదని, గేర్ల పళ్లు అరిగాయంటే షావుకారు మరుసటి రోజే ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాడని అమ్మతో అంటుంటే చాలాసార్లు విన్నాను. మా ఇంటిల్లిపాదికీ ఆ ఉద్యోగమే ఆధారం.

ఒక సాయంత్రం వసారాలో తొక్కుడుబిళ్ల ఆడుతూ గేర్ ఆయిల్ డబ్బాను తన్నేశాను. సగానికి పైగా ఒలికిపోయింది. నాయన కొట్టే మనిషి కాదు. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు, నాకు అది దెబ్బలకంటే కష్టంగా ఉండేది. గబగబా బూడిద చల్లి ఊడ్చేశాను. పక్కనే అవ్వ వండిన ఆముదం డబ్బా ఉంది. వేయించిన గింజలతో ఇంట్లో వండిన ఆముదం నల్లగా, చిక్కగా ఉంటుంది. నా కళ్లకు రెండూ ఒకటే. ఒలికినంతా దాంతో నింపేసి, నా తెలివికి నేనే మురిసిపోయి పడుకున్నాను.

తెల్లారకముందే నాయన ఆ డబ్బాను గేర్ బాక్సులోకి వంచేసి, పత్తి బేళ్లతో ఎమ్మిగనూరు వెళ్లిపోయాడు. లేచి ఖాళీ డబ్బా చూసేసరికి నా మురిపెమంతా దిగిపోయింది. దారిలో లారీ నిలిచిపోయినట్టు, షావుకారు మా ఇంటి ముందు కేకలు వేస్తున్నట్టు ఒకటే ఊహలు. కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టాను. అమ్మ పెట్టిన అన్నం ముట్టలేదు.

చివరికి పక్కింటి చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన లారీ మెకానిక్కు, ఇంటి ముందే షెడ్డు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన పని ఆపి, నన్ను కళ్లు మూసుకోమని, మూడు వేళ్లకు మూడు రకాలు పూశాడు. ఇంజన్ ఆయిల్ పల్చగా జారిపోయింది. గేర్ ఆయిల్ వేళ్ల మధ్య తీగలా సాగింది, వాసన గంధకంలా ముక్కును పొడిచింది. మూడోది కూడా చిక్కనిదే, కానీ మా అవ్వ తలంటు వాసన వచ్చింది. కంటితో కాదు, వేలితో, ముక్కుతో పోల్చుకోవాలని చెప్పి, అప్పుడు నాకు కావలసిన మాట అన్నాడు.

"ఎద్దులబండి ఇరుసుకు పూసేది ఏంది బేటీ? ఆముదమే గదా. ఇనుముకు అది పగ గాదు. ఒక పూటకేం గాదులే. నిలవుంటేనే బంకైతాది."

నా గుండెల మీంచి బండ దించినట్టయింది. వెంటనే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు.

"ఆయిల్ దించేది నేను దించుతా. మీ నాయనకు సెప్పేది మాత్రం నువ్వే సెప్పల్ల."

మధ్యాహ్నం లారీ మలుపు తిరుగుతూ గేరు మార్చిన చప్పుడు వినిపించింది. రోజూ వినే చప్పుడే. ఆ రోజు మాత్రం దానికి దండం పెట్టాను. చాచా లారీని షెడ్డు ముందుకు పెట్టించి, పానా తీసుకుని కిందికి దూరాడు. పొద్దున్నే ఆయిల్ పోశాను, ఇప్పుడెందుకు దించుతున్నావని నాయన అడిగాడు. చాచా నావైపు చూశాడు. నేల చూపులు చూస్తూనే, డబ్బా తన్నడం నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను.

నాయన ఇక రెండు రోజులు మాట్లాడడనే అనుకున్నాను. కానీ ఆయన గొంతుక్కూర్చుని, పళ్లెంలోకి కారుతున్న వేడి ఆయిల్‌ను వేలితో తీసి వాసన చూశాడు.

"వాసన సూడకుండా పోసినోన్ని నేనే గదమ్మా. నీ తప్పు సగమే."

అని ఆయిలంటిన చేత్తోనే నా తల నిమిరాడు. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆయిళ్ల తేడాలు చాలావరకు మరిచిపోయాను. ఇంట్లో ఎవరైనా తల వంచుకుని తప్పు చెప్పుకోవడానికి వస్తే మాత్రం, నోరు తెరవకముందు అందులో నా సగం ఎక్కడుందో వెతుక్కుంటాను. ఎప్పుడూ కొంత దొరుకుతుంది.