వేంపల్లెలో దిగినామె

కడప నుంచి పులివెందుల పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామెకు యాభై దాటి ఉంటాయి. ఎవరు బస్సెక్కినా కొంగు ముఖం మీదికి లాక్కునేది. ఊరు దాటాక చేతిసంచిలోంచి కనకాంబరాల మాల తీసింది. తల్లో పెట్టుకోబోతే అది జారి ఒళ్లో పడింది.

"రోంత పెడతావా పాపా? మా ఆయప్ప పోయినప్పటి నుంచి పూలు ముట్టలే."

నేను పిన్ను గుచ్చుతుంటే గుసగుసగా చెప్పింది. "ఈ పొద్దు మళ్లా పెండ్లి చేసుకుంటాండా. ఇంట్లో ఎవురికీ చెప్పలే. మా మరుదులకు తెలిస్తే బతకనీరు."

వెనక సీట్లో ఎవరో దగ్గితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

వేంపల్లెలో బస్సు ఆగినా ఆమె లేవలేదు. "కాళ్లు రావడంలే పాపా. ఆ మనిషి రాకపోతే నేను యాడికి పోవల్ల?"

కండక్టరు కేకలేస్తున్నాడు. నేను దిగాల్సిన ఊరు అది కాదు. అయినా ఆమె చెయ్యి పట్టుకుని దిగాను.

టీకొట్టు దగ్గర తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని చూసి, ఎదురు రాబోయి ఆగిపోయాడు. నన్ను చూపిస్తూ ఆమెను అడిగాడు. "కూతుర్ని పిల్చుకొచ్చినావా? వద్దని చెప్పేదానికా?"

"కూతురు కాదు. భయమైతే తోడు దిగింది," అంది ఆమె.

ఇద్దరూ అటూ ఇటూ చూసుకుంటూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు. పేర్లు నేను అడగలేదు. ఇప్పటికీ పేపర్లో వేంపల్లె అన్న మాట కనిపిస్తే, ఆ వార్త చివరిదాకా చదివితే గానీ నాకు ఊపిరాడదు.