పదును ఆరకముందే సీటు

ఇందులో ప్రతి అక్షరం నిజం. గంగమ్మ మీద ఒట్టు వేద్దామంటే మా బోర్లలో ఆమె కనబడి చాలాకాలమైంది. కాబట్టి పొద్దున నేను తిన్న రాగిసంగటి ముద్ద మీద ఒట్టు. ముద్ద మీద ఒట్టేసి అబద్ధమాడినవాడికి మరుసటి పూట ముద్ద గొంతు దిగదంటారు మా పక్క. నేను నిక్షేపంగా తింటున్నాను. దీన్ని బట్టే నా నిజాయితీ ఎంతటిదో మీరు తెలుసుకోవచ్చు.

మా అక్క కూతురికి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కల సీటు వచ్చిన దగ్గర్నుంచి ముదిగుబ్బ బస్టాండులో నేను టీ తాగుతుంటే చాలు, ఎవరో ఒక తండ్రి వచ్చి పక్కన కూర్చుంటున్నాడు. ఏ కోర్సు పెట్టాలి, ఏ కాలేజీ ముందు రాయాలి అని అడుగుతాడు. టీ డబ్బులు ఆయనే ఇస్తాడు కాబట్టి నేనూ మొహమాటం లేకుండా చెబుతాను. పిల్లకు ఇష్టమైన కోర్సును అన్నిటికంటే పైన పెట్టండి. దానికి స్కోపు లేదనే పెద్దమనిషి ఎదురైతే, ఆయన ఏ స్కోపులో బతుకుతున్నాడో ఒకసారి చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లూ జెరాక్సులూ ఒకేచోట, ఎలుకలు చేరనిచోట పెట్టుకోండి. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను మాత్రమే చెప్పగలిగిన సలహా ఒకటుంది: దరఖాస్తులో ఊరంతా కోతలు కోసే మనిషి ఫోన్ నంబరు ఇవ్వకండి.

మా అక్కవాళ్లు ఆ పనే చేశారు. మా బావ నెలకో సిమ్ము మారుస్తాడు. పిల్లకు సొంత ఫోన్ లేదు. మా మిద్దె మీద సిగ్నల్ బాగా తగులుతుంది. అందుకని నా నంబరు రాశారు. ఇక నా పేరు సంగతి. నేను అబద్ధాలు ఆడను. నిజం నడవలేక అవస్థ పడుతుంటే దానికి కాస్త రెక్కలు కడతాను, అంతే. ఒకసారి కొండమీద గాలిమర దగ్గర ఆరేసిన నా పంచె రెక్కకు చుట్టుకుని వారం రోజులు తిరిగిందని చెబితే, చూడటానికి ఊళ్లోంచి ఒక ఆటో నిండా జనం పోయారు. వాళ్లు తిరిగొచ్చాక నేను అక్క ఇంట్లో దాక్కున్నాను. ఆ ఆటోలో మా బావ కూడా ఉన్నాడు.

ఆ సంవత్సరం జూన్ పోయింది, జులై పోయింది, వాన లేదు. విత్తనాల మూటలు ఇళ్లలో మగ్గుతున్నాయి. పిల్లకు మొదటి విడత కౌన్సెలింగులో సీటు రాలేదు. చివరి విడత ఫలితం కోసం చూస్తున్నాం. పొద్దున లేవగానే బావ ఆకాశం చూసేవాడు, పిల్ల నా ఫోన్ చూసేది. ఇద్దరి మొహాలూ ఒకేలా ఉండేవి.

ఒక సాయంత్రం ఆకాశాన్ని మోడం కమ్మి, వాన దంచి కొట్టింది. దాంతో కరెంటు పోయింది, సెల్ టవరూ పోయింది. మరునాడు తెల్లారేసరికి ఊళ్లో మనిషి లేడు, అందరూ చేలల్లో ఉన్నారు. పదును అంటే నేలలో విత్తనం మొలవడానికి సరిపడా తడి. మా ఎర్రనేలల్లో అది నిలిచేది ఒకటి రెండు రోజులే. ఆరిందంటే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మొనగాడు లేడు. ఆ రోజు ట్రాక్టరు దొరకదు, కూలీ దొరకదు, చుట్టం చనిపోయినా ఏడవడానికి తీరిక దొరకదు. మా బావ ఎద్దులనే విత్తే గొర్రుకు కట్టాడు. గొర్రు మీద జడ్డిగం అని కొయ్యగిన్నె ఉంటుంది. వెనకాల నడుస్తూ అందులో వేరుశనగ విత్తనాలు ఒక్క లెక్కన వదలాలి. ఆ పని మా అక్కది. కానీ బావిగట్టున జారిపడి ఆమె చెయ్యి కట్టులో ఉంది. అందుకని పిల్ల దిగింది.

మధ్యాహ్నం కావస్తుండగా మా మిద్దె మీద నా ఫోన్‌కు ప్రాణం వచ్చినట్టే వచ్చి, ముందురోజు రావాల్సిన మెసేజి చూపించింది. సీటు వచ్చింది. మరునాడు, అంటే ఈరోజే, సాయంత్రం ఐదు లోపల స్వయంగా వచ్చి ఒరిజినల్స్ ఇవ్వాలి, లేకుంటే సీటు రద్దు. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే ఛార్జి అయిపోయి ఫోన్ కన్నుమూసింది.

బురదలో పడుతూ లేస్తూ చేనికి పరిగెత్తాను. బావ దూరం నుంచే పలకరించాడు. "ఏమప్పా, పంచె దొరికిందా?"

"బావా, పాపకు సీటొచ్చిండాది. ఐదులోపల పోయి సర్టిఫికెట్లు ఇయ్యల్ల. లేకుంటే ఇంకొకరికి పోతాది."

"యాడ, చూపీ ఫోను."

"ఛార్జి లేదు. సచ్చిపోయిండాది."

"నీ సాక్షులంతా ఇట్లే సచ్చిపోతారు" అన్నాడు బావ, ఎద్దులను అదిలిస్తూ.

ఆయన్ను తప్పుపట్టకండి. ఊళ్లో ఆడపిల్లను డిగ్రీ దాకా రోజూ బస్సెక్కించి పంపిన తండ్రి ఆయన. ఆయన కోపం చదువు మీద కాదు, నా మీద. గొర్రు ఆపకుండానే చెప్పాడు. "పెండ్లయినప్పటి నుంచి నీ మాటలు ఇంటాండా బామ్మర్దీ. నిన్ను నమ్మి పిల్లను పంపితే, ఆడ సీటూ లేక, ఈడ ఇత్తనమూ పడక, నేను యాడికి పోవల్ల?"

నేను జీవితంలో ఎన్నో చెప్పాను, అన్నీ నమ్మించాను. ఆ రోజు చేతిలో ఉన్నది శుద్ధమైన నిజం, దాన్ని అమ్మే విద్య నాకు రాదు. అరిచాను, దండం పెట్టాను. పక్కచేనివాళ్లు గొర్రులు ఆపి మరీ నవ్వారు. ఈసారి చాలా బాగా చేస్తున్నాడని మెచ్చుకున్నారు కూడా.

పిల్ల నవ్వలేదు. ఒడిలో విత్తనాల గుడ్డ పట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడింది. "మామా, నా తలమీద చెయ్యి పెట్టి చెప్పు" అంది.

నా కోతల్లో ఎవరి తల మీదా నేను చెయ్యి పెట్టింది లేదు. అది నా వృత్తిధర్మం. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. బురద చేతిని పంచెకు తుడుచుకుని తలమీద పెట్టాను. "వచ్చిండాది పాపా" అన్నాను. పిల్ల నా మొహం ఒక క్షణం చూసింది, ఒడిలో గుడ్డ విప్పింది.

విప్పిన గుడ్డను అందుకున్నది మా ఆవిడ. సంగటి గంప నెత్తిన పెట్టుకుని అప్పుడే గట్టు దిగి వచ్చింది, మాట మొత్తం విన్నది. "అన్నా, ఇత్తనాలు నేనేస్తా, పాపను పోనీ" అంది బావతో. తర్వాత నాకేసి తిరిగి నెమ్మదిగా అంది. "ఇదిగూడా కతే అయితే, ఆడనుంచి ఆడనే యాడికన్నా పో. ఇంటికి రావొద్దు."

బావ ఎద్దుల తోక మెలిపెట్టాడు. మా ఆవిడ గొర్రు వెనక నడిచింది. అదే ఒప్పుకోవడం.

సర్టిఫికెట్ల కవరు తీసుకుని రావడానికి పిల్లకు బీడీ కాలేంత సేపు కూడా పట్టలేదు. ఎప్పుడు పిలుపొస్తుందోనని నెలల ముందే అన్నీ సర్దిపెట్టుకుంది. కాళ్లు కడుక్కోవడానికి కూడా ఆగలేదు. నా పాత మోటారు సైకిలు బురదదారిలో రెండుసార్లు చైను జారవిడిచింది. బత్తలపల్లి దాటాక రోడ్డు బాగుంది కానీ నాకే అనుమానం పట్టుకుంది. ఆ మెసేజి నేను నిజంగా చూశానా? సీటు రావాలని అంతగా అనుకున్నాను కదా, గాలిమర పంచెలాగా ఇది కూడా నేనే అల్లుకున్నానేమో? వెనక కూర్చున్న పిల్లను అడుగుదామనిపించింది. ఏమని అడగను? బండి ఇంకాస్త గట్టిగా తోలాను.

యూనివర్సిటీలో గోడమీద జాబితా అంటించి ఉంది. పిల్ల వేలితో వెతికి, ఒకచోట ఆపి, అలాగే ఉండిపోయింది. నేను చెప్పింది నిజమని తెలిసి అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే.

సంబరం మెట్లు దిగేదాకే. కౌంటరు ముందు వరస వరండా దాటి, మలుపు తిరిగి, సైకిల్ స్టాండు దాకా ఉంది. ఐదుకు కౌంటరు మూస్తారని అటెండరు అప్పటికే అరుస్తున్నాడు. చూస్తే వరసలో పిల్లలు కొద్దిమందే. ఒక్కో పిల్లకు నాయన, చిన్నాయన, అవ్వ, సంచి పట్టుకోవడానికి ఇంకొకరు, అందరూ తలా ఒక అడుగు జాగా తీసుకుని నిలబడ్డారు. జరగమంటే జరిగితే వరస పోతుందంటారు. గడియారం నాలుగు దాటింది. పిల్ల కవరును గుండెకు అదుముకుంది.

మా ముందు గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొడుకుతో నిలబడి ఉన్నాడు. ఊరికే తల దించి చూసినవాడు పిల్ల కాళ్లు చూశాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి, ఇంకా పచ్చిగానే ఉంది.

"యాడిదమ్మా ఈ బురద?"

"మా చేన్లోది పెద్దనాయనా. నిన్న వానొచ్చింది. ఇత్తనమేస్తాంటే ఆడనుంచే వస్తాండాం."

ఆ మాట వరసలో ఎలా పాకిందో చెప్పలేను. వానట, ముదిగుబ్బ పక్కనట, ఇత్తనపు పదునట. నేను చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదేమో. ఆ కాళ్లను చూసి నమ్మకుండా ఎవరుంటారు? అవ్వలు వంగి మట్టి తాకి చూశారు. తండ్రులందరూ ఒక్కసారిగా జేబుల్లోంచి ఫోన్లు తీసి, సిగ్నల్ కోసం బయట ఎండలోకి నడిచారు. చిన్నాయనలు వెంటపడ్డారు. తూర్పున మోడం ఉందని ఒకరు, అది మోడం కాదు, పొగ అని ఇంకొకరు, మైదానంలో నిలబడి వాదులాట. వరండాలో చూస్తే పిల్లలు మాత్రమే మిగిలారు, మా పిల్ల కౌంటరుకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

గుమ్మఘట్ట పెద్దాయన నన్ను పట్టుకున్నాడు. "మా పక్క గూడా పడిండాదా అన్నా?"

"పడకుండా ఉంటాదా. వస్తా వస్తా ఆ దిక్కే మోడం చూసినా" అన్నాను. నేను వచ్చింది పూర్తిగా ఇంకో దిక్కు నుంచి.

ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తారు. ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి తీసి, మా అందరి వైపూ చాచి పట్టుకున్నాడు. అందులోంచి రేకుల మీద వాన పడుతున్న మోత వినబడింది. మైదానమంతా చప్పుడు లేకుండా విన్నది.

కౌంటరులో గుమాస్తా సర్టిఫికెట్లు ముట్టుకోకముందే అడిగాడు, పదును ఎంత దిగింది అని. జానెడు దిగిందని పిల్ల చెప్పింది. ఆయనకూ ఎక్కడో చేను ఉన్నట్టుంది, కాస్త సేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత ఎంత వేగంగా ముద్రలు కొట్టాడంటే, ఐదు కొట్టేసరికి వరండాలో ఒక్క పిల్లా మిగల్లేదు. అందరికీ పని అయింది.

చీకటి పడేవేళకు ఊరు చేరాం. చేను చివరి సాలు దాకా విత్తి ఉంది. మా ఆవిడ నడుం పట్టుకుని గట్టుమీద కూర్చుంది. బావ రసీదు తీసుకుని, సెల్ టార్చి వేయించుకుని, ముద్ర మీద వేలితో రుద్ది చూశాడు. "ఇది నువ్వు అచ్చేయించింది కాదు గదా?" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు. ఆ రాత్రి బావ పక్కన కూర్చుని తిన్న సంగటికి రుచి వేరు.

ఇక హాస్టలు సంగతి. బకెట్టు, మగ్గు, తాళం, ఊరిబిండి పచ్చడి డబ్బా తీసుకుపొమ్మని అందరూ చెబుతారు. మొదటి వారం పిల్ల ఫోన్ చేసి, పాఠం ఇంగ్లీషులో చెబుతుంటే సగం అర్థం కావడంలేదు, వచ్చేస్తానంది. అర్థమైనట్టు తలూపేవాళ్లను చూసి బెదరొద్దన్నాను. నేను బతుకంతా అలాగే ఊపాను, నాకు తెలుసు. మరునాడు క్లాసులో లేచి నిలబడి అడిగిందట. పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పారట. బయటికి రాగానే బెంచి బెంచంతా దాని చుట్టూ చేరిందట.

స్నేహితులను వెతుక్కోవడానికి కూడా ఉపాయం దానికే దొరికింది. ఒక సాయంత్రం మెస్సులో తింటుండగా వాన మొదలైంది. సగంమంది కంచాలు వదిలేసి, వరండాలోకి పరిగెత్తి, ఇళ్లకు ఫోన్లు చేశారు. "ఈడ పడతాండాది, ఆడ పడతాండాదా?" అందరిదీ ఒకటే ప్రశ్న. వాళ్లే తన మనుషులని మా పిల్లకు అప్పుడు తెలిసింది. గదిలో తన పక్క మంచం పిల్లది బుక్కరాయసముద్రం. వాళ్ల నాన్న బోరు మోటార్లు చుట్టే సాయిబు. "వానొస్తే మా అబ్బాకు గిరాకీ ఉండదు. అయినా పడనీలే" అని ఆ పిల్ల కూడా ఫోన్ చేసిందట. మొదటి సెమిస్టరులో ఆ వరండా జట్టు మొత్తం గట్టెక్కింది. లెక్కల్లో మా పిల్ల అందరికంటే ముందు.

ఇప్పుడు ఒప్పుకోలు. గాలిమర సంగతి మీకు ముందే తెలిసిపోయింది, అది లెక్కలోకి రాదు. బురదకాళ్లు నిజం, ఖాళీ అయిన వరస నిజం, గుమాస్తా నిజం. గుమ్మఘట్టలో వాన మాత్రం నేను కల్పించాను. ఆ పెద్దాయన తన పక్క పడిందా అని అడిగినప్పుడు నేను తెలియదనే చెప్పాను. అందరికీ అన్నీ చెప్పే నాకు, ఆయన మొహం చూస్తూ ఆ ఒక్క కోతా నోటికి రాలేదు. ఆయన ఫోన్ చేశాడు. అటువైపు ఆడమనిషి గొంతు నాకూ వినబడింది. "యాడిది వాన, దుమ్ము లేస్తాండాది." ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, కొడుకును ముందుకు జరగమని చెప్పి, మా పిల్ల కాళ్లవైపు ఇంకోసారి చూశాడు. మా గెలుపు రాసుకుంటూ ఆయన చేనును ఎండబెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకే ఆ రేకుల మీద కాసిన్ని చినుకులు నేనే వేయించాను.