ఉప్పు లేని జామముక్క

నా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలమేమీ కాదు, నాకిప్పుడు ఇరవై ఏడేళ్లు. అయినా మా అక్క పిల్లలు నన్ను ముసలివాళ్ల లెక్కలో వేసి కథలు చెప్పమంటారు కాబట్టి, ఈ ఒక్కటి పెద్దరికంతోనే చెబుతాను.

అప్పుడు మేము స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండేవాళ్లం. నేను నాలుగో తరగతి. మా బాపు వరంగల్ నుంచి బస్సులో ఒక జత చిట్టి చిలుకలను తెచ్చాడు. లోకమంతా వాటిని లవ్ బర్డ్స్ అంటుంది. అవి మాత్రం పంజరంలోని ఊయల కోసం పొద్దంతా కొట్టుకునేవి. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది. నీలం పిట్టంటే నాకు ప్రాణం. దానికి నేనంటే ఏమీ లేదు; చెయ్యి పెడితే చాలు, అవతలి మూలకు పోయేది.

మా పక్కింటి అవ్వ స్టేషన్ దగ్గర జామకాయలు అమ్మేది. కాయను నాలుగు చీలికలు చేసి, మధ్యలో ఉప్పూకారం అద్ది ఇచ్చేది. బడి నుంచి వస్తుంటే నాకు రోజూ ఒకటి. మా వైపు ప్రేమ ఎక్కువైతే కారం కూడా ఎక్కువవుతుంది. అవ్వ నా కాయకు రెండుసార్లు అద్దేది. ఒకరోజు ఆ ప్రేమలో నీలం పిట్టకు కూడా వాటా పెట్టాలనిపించింది. అన్నిటికంటే ఎర్రగా ఉన్న ముక్కను ఏరి పంజరం ఊచల మధ్య ఇరికించాను.

అది తిన్నది. ఆ కారానికి మా బాపే చెంబెడు నీళ్లు తాగుతాడు. పిట్ట మాత్రం రెక్క కూడా విదిలించకుండా ముక్కులో సగం దాకా ఎరుపు పూసుకుని తిన్నది. మా పిట్టను మించిన వీరుడు లేడని వాడకట్టంతా తిరిగి చెప్పొచ్చాను. మిగిలింది మళ్లీ తింటుందేమోనని ముక్కను సాయంత్రం దాకా అక్కడే ఉంచాను. చీమలు కూడా నా దయకు నోచుకున్నాయి.

తెల్లారి చూస్తే వీరుడు ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి, పంజరం అడుగున ఉండలా కూర్చున్నాడు. రెట్ట నీళ్లలా పడుతోంది. కొర్రలు ముట్టలేదు. నా ఏడుపుకు అవ్వ పరుగెత్తుకొచ్చింది. బాపు బండి తీశాడు. ముందు నేను, వెనుక పంజరాన్ని ఒళ్లో పెట్టుకుని అవ్వ, అలా పశువుల దవాఖానకు పోయాం. వరుసలో మా ముందు రెండు బర్రెలు, ఒక మేక. మా రోగి వాటి చెవి అంత కూడా లేడు.

ఏం పెట్టారని డాక్టరు సారు అడిగితే, జామకాయ వరకు చెప్పి ఆగాను. తర్వాత అవ్వ ముఖం చూసి ఉప్పూకారం సంగతి కూడా కక్కేశాను.

"కారంతోని ఏంగాదు బిడ్డా, పిట్టలకు మంట తెల్వది," అన్నాడాయన. "ఉప్పే దీని పాణం మీదికి తెచ్చింది. గింత పిట్టకు చిటికెడంటే మనకు డబ్బెడు లెక్క."

కోలుకునే దాకా పండ్లు బందన్నాడు. కొర్రలు, మంచినీళ్లు, కొంచెం వెచ్చదనం చాలన్నాడు. ఆ తర్వాత కూడా పండును బాగా కడిగి, గోరంత ముక్క, వారానికి రెండుసార్లే పెట్టాలట. ఆపిల్ అయితే గింజలు తీసేయాలట. తినగా మిగిలింది గంటా రెండు గంటల్లో తీసేయాలట. అవ్వ అదంతా ఒక్కో వేలూ మడుస్తూ విన్నది.

ఆమె నన్ను తిట్టలేదు. ఇంటికొచ్చాక ఒక్క మాట అన్నది. "అది కడుపు నొస్తుందని చెప్పది బిడ్డా. తిన్నది గదా అని మనం మురిసినం."

మూడు రోజులు అవ్వ స్టేషన్‌కు పోలేదు. పంజరం పక్కనే కూర్చుని తన పాత చీర చుట్టూ కప్పి, నీళ్లు మార్చింది. నేను ఆశ వదులుకుని చెప్పుల డబ్బా ఒకటి ఖాళీ చేసి, లోపల దూది పరిచి పెట్టాను. నాలుగో రోజు పిట్ట రెండు కొర్రగింజలు ఒలిచింది. డబ్బా ఊరికే మిగిలిపోయింది.

రెండు వారాలకు అవ్వ ఒక జామపండు తెచ్చింది. ఎప్పుడూ చేతిలో ఉండే కత్తిని ఇంట్లోనే పెట్టి వచ్చింది, దానికి ఉప్పు పట్టి ఉంటుందని. మా కత్తిని కడిగింది, పండును కడిగింది, జన్మంతా ఉప్పు అద్దిన ఆ వేళ్లను సబ్బుతో రెండుసార్లు రుద్దుకుంది. గోరంత ముక్క అరచేతిలో పెట్టుకుని, చెయ్యి పంజరంలోకి చాపి, కదలకుండా కూర్చుంది.

ఎంతసేపో తెలియదు. ఒక రైలు వచ్చి పోయింది. నాకు కాలు తిమ్మిరెక్కింది, అద్భుతాలు జరిగే ముందు అదే జరుగుతుందేమో. అప్పుడు నీలం పిట్ట కడ్డీ మీది నుంచి ఒక్కో అడుగే పక్కకు జరుగుతూ వచ్చి అవ్వ వేలెక్కింది. ముక్క కొరికింది. నల్లగా పగిలిన ఆ వేలి మీద ఆకాశమంత నీలం. ఊపిరి తీస్తే ఎగిరిపోతుందని నేను ఊపిరి బిగబట్టాను. అవ్వ కంటి నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవడానికి రెండో చెయ్యి కూడా కదపలేదు.

ఇప్పుడు ఆ పిట్టా లేదు, అవ్వా లేదు. కానీ ఎక్కడ జామకాయ కొన్నా, ఒక ముక్కకు ఉప్పూకారం అద్దొద్దంటాను. ఎవరికని అడుగుతారు. మొదట దాన్నే కడిగి, నెమ్మదిగా తింటాను. నీలం పిట్ట ఆ రోజు అవ్వ వేలి మీద నిలబడి తిన్నది ఈ తీపినే. రోజూ ఉప్పూకారంతోనే తిన్న నాకు పదేళ్లు వచ్చేదాకా ఆ తీపి తెలియదు.