పర్వతాలు చూపించిన పట్నం

పర్వతాలు ఎవరికైనా పట్నం చూపించాడంటే, ఆ మనిషి సాయంత్రానికి కాళ్లు ఈడ్చుకుంటూ, ఎండిన కడుపుతో ఇల్లు చేరాడని అర్థం. అతని సొంతూరు రావల్కోల్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అయినా అతని వెంట పోయేవాళ్లు పోతూనే ఉండేవాళ్లు. ఊరికే వస్తుందంటే మనిషికి ఇంకేం గుర్తుంటుంది?

అతనిది దూలపల్లిలో రేకు డబ్బాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో సామాన్ల గదికి కాపలా పని. సుచిత్ర చౌరస్తా వెనక సందులో ఒక కిరాయి గది. పెళ్లాం మూడేళ్లు చూసి పుట్టింటికి పోయింది. తండ్రి పోయాక తన వాటా చెలక భూమి అమ్ముకున్నాడు. ఆ పైసలు ఎక్కడ దాచాడో ఎవరికీ తెలియదు గాని, ఖర్చు మాత్రం పెట్టలేదని ఊరందరికీ తెలుసు.

దవాఖానకనో, కోర్టుకనో, పిల్లల కాలేజీ కాగితాలకనో ఊరి నుంచి ఎవరు దిగినా ముందు పర్వతాలు తయారు. "నేనున్న గదనే, పట్నమంత తిప్పి సూపిస్త, మీది ఒక్క పైస గానియ్య" అనేవాడు. అతని బస్సు చార్జీ మాత్రం వచ్చినవాళ్లే పెట్టుకోవాలి, ఎందుకంటే అతని దగ్గర ఎప్పుడూ చిల్లర ఉండదు.

అతని పట్నంలో టికెట్ అన్నది లేదు. ట్యాంక్‌బండ్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించేవాడు. పిల్లలు పడవ ఎక్కుతామని ఏడిస్తే, "గా బుద్ధుడు దగ్గరికి పోతె మంచిగ కనవడడు బిడ్డ, దూరంకెల్లే సూడాలె" అనేవాడు. చార్మినార్ కింద నిలబెట్టి మెడలు పట్టేసేదాకా పైకి చూపించి, మెట్లెక్కుదామంటే, "పైకెక్కినంక చార్మినార్ నీకెట్ల కనవడ్తది?" అని ఎదురు అడిగేవాడు. బేగంపేటలో గోడ పక్కన విమానం దిగేదాకా ఎండలో నిలబెట్టేవాడు. టికెట్ పెట్టిన చోటు ఏదైనా సరే, దాని మీద అతనిది ఒకటే మాట: "అండ్ల ఏమున్నదే, ఒట్టి దుమ్ము."

ఎండాకాలమైతే సికింద్రాబాదులో ఏదో ఒక బ్యాంకులో దూరేవాడు. ఒక ఫారం తీసుకుని అందరినీ చల్లటి గాలి కింద కూర్చోబెట్టి, తన పేరు రాయడానికి అరగంట పట్టించేవాడు. ఒకసారి వాళ్ల చిన్నమ్మ సాలమ్మ ఆ చల్లదనానికి నిద్రపోయి గురకపెట్టింది. బంట్రోతు వచ్చి గదమాయిస్తే, "ఈమెవరో నాకేం ఎరుక?" అని పర్వతాలు పక్క కుర్చీలోకి జరిగి కూర్చున్నాడు. సాలమ్మ తను చచ్చిపోయేదాకా వాడి పేరు నోట తీయలేదు. నొసలు చిట్లించి "గా బ్యాంకోడు" అనేది.

కానీ అతని అసలు పనితనం బ్యాంకులో కాదు, జనరల్ బజార్ చీరల దుకాణంలో చూడాలి. తెల్లటి పరుపుల మీద చెప్పులు విప్పి కూర్చుని "పెండ్లి బట్టలు" అన్నాడంటే చాలు, కూల్‌డ్రింకులు వచ్చేవి. పంకా కింద గంటసేపు కూర్చుని ముప్పై, నలభై చీరలు విప్పించి, అన్నిటికీ ఒంకలు పెట్టి, తాగిన సీసా పక్కన పెట్టి లేచేవాడు. వెంట వచ్చినవాళ్లు చల్లగా తాగి, పట్టు ముట్టుకుని, పట్నంలో గొప్ప మర్యాద జరిగిందని మురిసేవాళ్లు. అందులో ఒక్క నియమం మాత్రం పాటించేవాడు. మధ్యాహ్నం మూడు దాటాకే పోయేవాడు. పొద్దున బోణీ వేళ దుకాణం మెట్టు ఎక్కేవాడు కాదు. బోణీ చెడగొడితే ఉసురు తగులుతుందని వాడికీ భయమే. మనిషన్నాక ఎక్కడో ఒక చోట దేవుడు గుర్తుకు రావాలి కదా.

వాడి అక్క సుక్కమ్మ మేడ్చల్ అంగట్లో కూరగాయలు అమ్ముతుంది. భర్త జంగయ్య చనిపోయాక పదేళ్లుగా తట్ట నెత్తిన పెట్టుకునే బతికింది, ఒక్కగానొక్క బిడ్డ వినోదకు పెళ్లి చేసింది. ఆమెకు బోణీ అంటే బోణీయే. పొద్దున మొదటగా తట్టలో చెయ్యి పెట్టిన మనిషి కొనకుండా పోతే వెనక నుంచి కొంగు పట్టి లాగేది. "ముట్టినవు, కొను. కొనవా, ముట్టకు" అని నలుగురిలో అడిగేది. పెద్ద కాలనీ అమ్మలు కూడా సుక్కమ్మ తట్టను చూపుతోనే ఎంచుకుని, కొనేదే ముట్టుకునేవాళ్లు.

రెండువేల రెండులో వినోదకు మొదటి ఒడిబియ్యం పెట్టుకున్నారు. బిడ్డను పీట మీద కూర్చోబెట్టి, ఒళ్లో పసుపు బియ్యం పోసి, కొత్త చీర పెట్టి అత్తవారింటికి సాగనంపే పండుగ అది. వినోద అత్త నోరు మంచిది కాదు. రోజు ఖాయం చేయడానికి నలుగురూ కూర్చున్నప్పుడు, "తండ్రి లేని పిల్లాయె. మేనమామ చీర అన్న వస్తదా, గదీ లేదా?" అని దీర్ఘం తీసింది. పర్వతాలు అక్కడే ఉన్నాడు. జనం ముందు ఎక్కడలేని రోషం వచ్చి, "నా కోడలికి పట్నం పట్టుచీర నేను పెడ్త. శుక్రారం నాటికి తెస్త" అని తొడ కొట్టినంత పని చేశాడు.

సుక్కమ్మ ఆ మాట పట్టుకుంది. తన దగ్గర ఉన్నదంతా బియ్యానికీ, గాజులకూ, వంటకూ అయిపోయింది. చీర రాకపోతే శుక్రవారం వినోద పాత చీరతో పీట మీద కూర్చోవాలి, ఆ అత్త నోట్లో ఏడాది పొడవునా నానాలి. అందుకని గురువారం అంగడి మానుకుని, మొదటి బస్సుకే సుచిత్రలో దిగింది.

పొద్దున్నే గుమ్మంలో అక్కను చూసి పర్వతాలు ముఖం మాడ్చుకున్నాడు.

"గింత పొద్దుగాల ఒచ్చినవేందక్కా? ముందుగాల ట్యాంక్‌బండ్ సూద్దాం పా. మస్తు సల్లగుంటది."

"నేను చెరువు సూడనిదాన్నారా? షామీర్‌పేట చెరువు కింద నాట్లేసిన చేతులివి. చీర సూపియ్యి."

"బిర్లా మందిర్‌కు పోయి దండం పెట్టుకోని..."

"చీర కొన్నంక పెడ్త దండం. నడువు."

అట్లా పదిగంటలకే, పర్వతాలు తన జన్మలో మొదటిసారి బోణీ వేళ జనరల్ బజార్‌లో చీరల దుకాణం మెట్టు ఎక్కాడు. సేటు అప్పుడే పటానికి ఊదుబత్తి పెట్టి, గల్లాపెట్టె కళ్లకద్దుకుని కూర్చున్నాడు. వీరేందర్ అనే పనివాడు పరుపు దులుపుతూ పర్వతాలును ఎగాదిగా చూశాడు.

"అన్నా, మొన్న ఉగాదికి గూడ ఒచ్చినవు గద?"

"గది ఇంకో కోడలికి."

"దసరకు?"

"గదీ ఇంకో కోడలికే. నీకెందుకయ్యా గవన్ని, చీరలు దియ్యి."

కూల్‌డ్రింకులు వచ్చాయి. బోణీ కాకముందు తాగనని సుక్కమ్మ సీసా పక్కన పెట్టింది. పర్వతాలు తనది తాగి, అక్కది కూడా తాగాడు.

వీరేందర్ మొదట విప్పిందే చిలకపచ్చ పట్టుకు ఎర్ర అంచు చీర. సుక్కమ్మకు అక్కడే మనసు పడింది. వినోద చామనఛాయకు అది ఎట్లా ఉంటుందో కళ్లకు కట్టింది. పర్వతాలు మాత్రం అంచు చిన్నదన్నాడు. ఇంకొకటి తీస్తే అంచు పెద్దదన్నాడు. ఒకటి బరువు, ఒకటి పలచన. ఒకటి నీళ్లల్లో రంగు పోతుందట. నీళ్లు ముట్టించకుండానే కనిపెట్టాడు మహానుభావుడు. పరుపు మీద చీరలు మోకాలెత్తు పేరుకున్నాయి. సుక్కమ్మ వాటిని చూడటం మానేసి తమ్ముడినే చూడసాగింది. అంగట్లో కొననివాళ్లు ఎట్లా బేరమాడతారో ఆమెకు ఎవరూ చెప్పక్కరలేదు. కొనేవాడి కళ్లు సరుకు మీద ఉంటాయి. వీడి కళ్లు వాకిలి మీద ఉన్నాయి.

పర్వతాలు మోకాళ్లు చరుచుకుని లేచాడు. "ఇండ్ల మన్సుకు పట్టేదొక్కటి లేదు. లే అక్కా. ఇంకోతాన సూసొద్దాం. దొర్కకుంటె ఒచ్చే యాడాది పెడ్దాం, ఏమైతది?"

సేటు గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి పటం వైపు చూశాడు. ఆ ముఖం సుక్కమ్మకు తెలుసు. టమాటలన్నీ పిసికి ఉత్త చేతులతో పోయినవాళ్ల వెనక అటువంటి ముఖం తను ఎన్నిసార్లు పెట్టిందో.

"నేను లేవ" అంది.

"ఏందక్కా?"

"బోణీ గాకుంట లేవ. ముప్పై చీరలు విప్పించినవు, రెండు సీసలు తాగినవు. కోడలికి చీర పెడ్తనన్నవు. పెట్టు."

"పైసలు తేలే అక్కా. సూసిపోదామని ఒచ్చిన."

"శుక్రారం రేపే గదరా? ఎన్నడు తెస్తవ్?"

సేటుకు తగువు ఇష్టం లేదు. "పోనీ పెద్దమ్మా, ఏం గాదు. పోయి రాండ్రి" అన్నాడు.

"నువ్వు ఊకో సేటూ. నీది దుకాణమే, నాదీ దుకాణమే. నీది పరుపు మీద, నాది గోనెసంచి మీద. బోణీ చెడగొట్టి పోయినోళ్లను నేను తిట్టిన తిట్లు నాకెరుకే. గవి నేను పడ."

అంతలో కొంపల్లి కొత్త కాలనీ నుంచి జానకీదేవి అనే కోస్తా ఆవిడ వచ్చింది. వస్తూనే చీర మీదకు జాకెట్టు గుడ్డ ఒకటి కోయించుకుని పైసలు ఇచ్చేసింది. పర్వతాలుకు ప్రాణం లేచి వచ్చింది.

"అయిపాయె! బోణీ అయిపాయె. ఇగ లే అక్కా."

"ఆమెది ఆమె బోణీ. ముందుగాల ముట్టినోడివి నువ్వు. అమ్మా, నీ పున్నెం గాని జెర చెప్పు. ఈడు నా తమ్ముడు. తండ్రి లేని నా బిడ్డ ఒడిబియ్యానికి మేనమామ చీర పెడ్తనని పది మందిల చెప్పిండు. ఇప్పుడు లేస్తనంటుండు."

జానకీదేవి పోబోయేదల్లా ఆగి, పరుపు అంచు మీద కూర్చుంది. "అదేంటండీ! మేనమామ మాటిచ్చాక పెట్టొద్దూ? మా వైపూ అంతేనండీ. అందులోనూ తండ్రి లేని పిల్లకి."

తర్వాత వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా ఏమైందని అడిగారు. సుక్కమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఇంకొకామె వచ్చింది. ఆమెకూ చెప్పింది. పర్వతాలు చెప్పులున్న చోటుకు జరగబోతే వీరేందర్ అప్పటికే వాటిని బల్ల కిందికి నెట్టేశాడు.

"నా తాన లేవంటుంటె ఇనవేందే?" పర్వతాలు గొంతు పెంచాడు.

"బనీను లోపటి జేబుల ఏమున్నదిరా? చెలక అమ్మినప్పటికెల్లి ఛాతి మీద చెయ్యి పెట్టుకోని నడుస్తవు. గుండె నొచ్చి గాదు. గుండె నీకేడిది?"

ఆడవాళ్లందరూ ఒక్కసారి అతని ఛాతీ వైపు చూశారు. అతని చెయ్యి అక్కడే ఉంది.

పర్వతాలు గోడ వైపు తిరిగి అంగీ గుండీలు విప్పాడు. లోపలి జేబుకు పెట్టిన పిన్నీసు ఎంతకూ రాలేదు. అది పెట్టి ఎన్నేళ్లయిందో, తుప్పు పట్టి గుడ్డకు అతుక్కుపోయింది. లాగితే వేలు గీరుకుంది. చివరికి వీరేందర్ జాకెట్టు గుడ్డలు కోసే కత్తెర తెచ్చి జేబు మూల కత్తిరించాడు. చెమటకు తడిసి, ఎండి, మళ్లీ తడిసి గట్టి ముద్దయిన నోట్లు బయటికి వచ్చాయి. సేటు వాటిని ఒక్కొక్కటిగా విడదీసి గల్లాపెట్టె మూత మీద పరిచాడు.

వేలు నోట్లో పెట్టుకుని నిలబడ్డ తమ్ముడిని చూస్తే సుక్కమ్మకు జాలి లాంటిది ఏదో కలిగింది. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకున్నా వాడు ఇట్లాగే నిలబడేవాడు. కానీ వాడు వేలు తీసి, "ఇంతసేపు కూసున్నం గద, జెర తక్కువ జెయ్యి సేటూ" అన్నాడు. ఆ జాలి అక్కడికక్కడే పోయింది.

"అన్నిట్ల మొదలు విప్పిన గా చిలకపచ్చది" అని సుక్కమ్మ వేలు చూపించింది. అంతకంటే ఖరీదైనది అడగలేదు, తక్కువదీ అడగలేదు. సేటు ఆ చీర మడిచి, దుకాణం పేరు అచ్చేసిన గుడ్డ సంచిలో పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు. సుక్కమ్మ అప్పుడు లేచి, ఇంకో కూల్‌డ్రింకు అడిగి తీసుకుని నిలబడే తాగింది.

శుక్రవారం వినోద చిలకపచ్చ చీర ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. అత్త వచ్చి అంచు రెండు వేళ్లతో నలిపి చూసింది, తిప్పి చూసింది. ఏ ఒంకా దొరక్క, వంట ఎంతవరకు వచ్చిందని అడుగుతూ లోపలికి పోయింది. పర్వతాలు అందరికంటే ముందు వరుసలో కూర్చుని మూడుసార్లు వడ్డించుకున్నాడు. మేనమామ కదా. పోతూ పోతూ ఆ గుడ్డ సంచి అడిగి తీసుకుని భుజాన వేసుకున్నాడు. అది మాత్రం ఊరికే వచ్చింది.

ఆ తర్వాత కూడా ఊరివాళ్లకు పట్నం చూపిస్తూనే ఉన్నాడు. ట్యాంక్‌బండ్, చార్మినార్ కింద, విమానాల గోడ, బ్యాంకు. జనరల్ బజార్ సందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోడ్డు దాటించి అవతలి పక్క నుంచి నడిపించేవాడు. ఆ సందులో ఏమున్నదని ఎవరైనా అడిగితే భుజాన సంచి సవరించుకుని, "అండ్ల ఏమున్నదే, ఒట్టి దుమ్ము" అనేవాడు.