మామ కారు, నా ఐటీఐ చదువు, నల్లపొగ

చేతికి గ్రీజు అంటితే చాలు, తెలివి కూడా అంటుకుందనుకునే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా అదే వయసు. ఖమ్మం ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ముగించుకుని పెనుబల్లిలో మా మేనమామ ఇంట్లో మకాం పెట్టాను. (మకాం అని నేనంటున్నాను గానీ, ఊళ్లోవాళ్లు "మేపుతున్నరు" అనేవారు.) కోర్సు మొత్తం మీద మేము విప్పింది ఒకే ఒక్క ఇంజను. దాన్ని మాకంటే ముందు చదివినవాళ్లంతా విప్పి బిగించి, విప్పి బిగించి అరగదీశారు కాబట్టి, పానా చూపిస్తేనే నట్లు ఊడి చేతికొచ్చేవి. అయినా సరే, రోడ్డు మీద లారీ పోతుంటే అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని చప్పుడు విని, "మూడో నాజిల్ వీకయింది" అని తేల్చేసేవాణ్ని. ఏ లారీవాడూ ఆగి నన్ను కాదనలేదు. అందువల్ల నా తీర్పులన్నీ నిజమేనని నాకు గట్టి నమ్మకం.

మామకు మిరప తోటలుండేవి. పంట బాగా పండిన ఓ ఏడాది ఆయన ఒక ముసలి అంబాసిడర్ కొన్నాడు. అది పుట్టుకతో పెట్రోలు బండి. మధ్యలో ఎవరో దాని కడుపులోంచి పాత ఇంజను తీసి డీజిల్ ఇంజను పెట్టించారు. శ్రీరామనవమి దగ్గర పడుతోంది కాబట్టి భద్రాచలానికీ పర్ణశాలకూ పోయే జనం కిరాయి బండ్ల కోసం ఎగబడతారని మామ లెక్క. "నడిపేది నువ్వే, మంచిచెడ్డ చూసేది నువ్వే. కాకపోతే ముందుగాల కొన్నాళ్లు చూస్త. నీ చేతిల బండి నిలబడ్తదంటే తాళాలు నీకే" అన్నాడు. నిలబడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా నాన్న అప్పటికే ఖమ్మంలో మా చిన్నాన్న మిర్చి కొట్టులో నాకు గుమాస్తా కుర్చీ ఖాయం చేసి పెట్టాడు. నాకేమో ఎండుమిర్చి వాసన తగిలితే తుమ్ములు ఆగవు. జీవితాంతం తుమ్ముతూ బతకడమా, స్టీరింగు పట్టుకుని అడవి దారిన హాయిగా తిరగడమా అన్నది ఆ కారు మీద ఆధారపడి ఉంది.

బండి వచ్చిన కొత్తలో ఒకరోజు మా అత్త, అంటే మామ భార్య, బోనెట్ తెరిచి ఉండగా వచ్చి నా పక్కన నిలబడింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇంజన్ల వేడెక్కకుండ, తిరక్కుండ, నూనె కారకుండ ఉండే జాగా ఏదిరా?" అంది. నా చదువు మీద గౌరవంతో నన్నొక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఎందుకని అడగడం కూడా మర్చిపోయి, ఎయిర్ క్లీనర్ చూపించి, అది గాలి పీల్చే మూతి అనీ, ఇంజను మొత్తంలో చల్లగా, కదలకుండా ఉండేది అదొక్కటే అనీ ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ శ్రద్ధగా విని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున చూస్తే ఆ మూతి పక్కన పసుపు గుడ్డలో కట్టిన ముడుపు వేలాడుతోంది. భద్రాద్రి రాముడికి ఏదో మొక్కుకుందన్నమాట. మా ఇళ్లల్లో కట్టిన ముడుపును మొక్కు తీరేదాకా ఎవరూ ముట్టరు, విప్పరు, పక్కకు జరపరు. నేను రెండు చేతులతో దాన్ని కళ్లకద్దుకుని బోనెట్ మూశాను. ఆ తర్వాత కూడా బోనెట్ తెరిచినప్పుడల్లా ముందు దండం పెట్టుకునే పానా పట్టేవాణ్ని.

పొగ మొదలైంది ఆ వారంలోనే. మామూలు పొగ కాదు, కాటుక పొగ. ఇంటి ముందు బండి ఊరికే ఆన్ చేసి ఉంచితే ఏమీ లేదు, బుద్ధిగా టకటకమంటూ ఉండేది. రోడ్డెక్కి ఎక్సిలేటర్ తొక్కామా, వెనక దారి కనపడేది కాదు. ఎత్తు వస్తే చాలు, ఊపిరాడనట్టు బండి ఆయాసపడేది. ఒక ఆదివారం పొద్దున ఊరి పాస్టరుగారు తెల్లటి చొక్కాలో ప్రార్థనకు పోతుంటే ఆయన్ని దాటేటప్పుడు ఉత్సాహంగా తొక్కాను. అద్దంలో చూస్తే ఆయన లేరు. పొగ విడిపోయాక ఉన్నారు గానీ, చొక్కా రంగు మారింది. ఆయన శాంతమూర్తి. సాయంత్రం ఇంటికొచ్చి మామతో, "తమ్ముడూ, నేను ఇయ్యాల పాపం మీద వాక్యం చెప్పాలనుకున్న. నా చొక్కా చూసినంక జనం వాళ్లంతట వాళ్లే అర్థం చేసుకున్నరు" అని మాత్రం అన్నారు.

మామ తల ఎత్తలేకపోయాడు. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "ఏందిరా అల్లుడు ఇది. ఎర్రుపాలెం ఆసామి ఒకాయన బండి అడుగుతుండు. వారం చూస్త. పొగ ఆగితే బండి నీది, ఆగకపోతే ఆయనది" అన్నాడు.

అప్పుడు నాలోని మెకానిక్ జూలు విదిల్చాడు. నల్లపొగకు మా మాస్టారు చెప్పిన కారణాలు రెండే. డీజిల్ ఎక్కువన్నా వెళ్తూ ఉండాలి, గాలి తక్కువన్నా వెళ్తూ ఉండాలి. గాలిదేముంది, ఊరంతా ఉంది, ఊరికే దొరుకుతుంది, తక్కువెందుకవుతుందని నేను ఆ రెండో కారణాన్ని అక్కడికక్కడే కొట్టేసి డీజిల్ మీద పడ్డాను. డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి కిరసనాయిల్లో కడిగాను. పొగ తగ్గలేదు. డీజిల్‌లో కల్తీ ఉందని ట్యాంకు మొత్తం దింపేసి వేరేది పోయించాను. తగ్గలేదు. పంపు టైమింగ్ తప్పిందని ప్రకటించి కాస్త అటు తిప్పాను. పొగ అలాగే ఉండి, కొత్తగా తుపాకీ పేలినట్టు చప్పుళ్లు మొదలయ్యాయి. గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ ఇటు తిప్పేశాను. చివరికి తప్పంతా నడిపేవాడి పాదానిదని, మామ చెప్పు బరువుగా ఉండడం వల్ల ఎక్సిలేటర్ ఎక్కువ దిగుతోందని కూడా అన్నాను. ఆయన చెప్పులు విప్పి వట్టి కాళ్లతో నడిపి చూపించాడు. పొగకు తేడా తెలియలేదు. ఇంత చేసినా ముడుపును మాత్రం పొరపాటున కూడా తాకలేదు. ఎయిర్ క్లీనర్ విప్పితే ముడుపు కదులుతుందని దాని జోలికే పోలేదు.

ఆసామి రావడానికి ముందు రోజు, నాకు ఇంకేం విప్పాలో తోచక, మామను సీట్లో కూర్చోబెట్టి, బోనెట్ తెరిచే ఉంచి, "గట్టిగా తొక్కు మామా" అన్నాను. ఆయన కసి కొద్దీ తొక్కాడు. అప్పుడు చూశాను. అంతదాకా బుద్ధిగా వేలాడుతున్న ముడుపు లేచి, ఎయిర్ క్లీనర్ మూతికి చటుక్కున అతుక్కుంది. వెనక నల్లపొగ లేచింది. మామ కాలు తీయగానే ముడుపు మళ్లీ కిందికి జారి అమాయకంగా వేలాడింది. ఇంకోసారి తొక్కించాను. మళ్లీ అదే. ఇంజను గాలి కోసం నోరు తెరిచినప్పుడల్లా నోటికి గుడ్డ అడ్డం పడుతోంది. అన్నాళ్లుగా నేను దండం పెట్టుకుంటున్నది రోగానికన్నమాట.

ఆనందంతో కత్తెర కోసం ఇంట్లోకి పరుగెత్తాను. అత్త గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "విప్పుతవా? మొక్కు తీరకుండ ఎట్ల విప్పుతవ్?" అంది. పోనీ పక్కకు జరుపుతానన్నాను. "దేవునికి చెప్పి కట్టిన జాగా అది. నువ్వు చూపిచ్చిందే గదా" అంది. అసలు మొక్కు ఏమిటని మామ అడిగాడు. "బండి వీని చేతికి రావాల్నని" అంది అత్త. మామ నెత్తి పట్టుకున్నాడు. పొగ ఆగితే గానీ బండి ఇవ్వనని ఆయన. బండి ఇస్తే గానీ మొక్కు తీరదని ఆవిడ. మొక్కు తీరితే గానీ ముడుపు విప్పకూడదు, ముడుపు విప్పితే గానీ పొగ ఆగదు. ఐటీఐలో ఇటువంటి రిపేరు మాకు ఎవరూ చెప్పలేదు.

"అయితే అమ్మేస్త, పోతది పీడ" అన్నాడు మామ. "అవ్, అమ్ము. ముడుపున్న బండిని అమ్మినోడు ఈ తాలూకాల ఎవడన్న ఉన్నడా?" అంది అత్త. మామ చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. ఎవరికీ భయపడని మనిషి ఆ పసుపు గుడ్డ ముందు ఆగిపోయాడు. చివరికి తీర్పు అత్తే చెప్పింది. మనవల్ల తేలనిది ఆ రాముడి దగ్గరే తేలాలి, ఆసామి రాకముందే పొద్దున్నే భద్రాచలం పోదాం పదమంది.

ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. కొత్తగూడెంలో బొగ్గు చూసి చూసి అలవాటైన జనం కూడా మా బండిని చూసి ముక్కులు మూసుకున్నారు. పాల్వంచ దాటి అడవిలో ఎత్తు వచ్చినప్పుడల్లా మామ దిగి నడిచాడు. బరువు తగ్గించడానికని చెప్పాడు గానీ, తెలిసినవాళ్లెవరైనా చూస్తారని ఆయన భయం. సారపాక దాటి గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి ముగ్గురి ముఖాలూ ఒకే రంగులో ఉన్నాయి.

గుడి మెట్ల దిగువన బండి ఆపి బోనెట్ తెరిచాను. అత్త పైన గోపురం వైపు తిరిగి చేతులు జోడించింది. మొక్కు మనసులో చెప్పుకుంటుందనుకున్నాను. పైకే చెప్పింది.

"రామచంద్రా, వీనికి బండి పని రాదని నాకు ఎరికే. వీళ్ల మామకూ ఎరికే. నీకు ఎరిక లేకుండ ఉంటదా. అయినా బండి వీని చేతిలనే పెట్టు. నేర్సుకుంటడు. నేర్సుకునేదాక ఎవ్వరికీ దెబ్బ తగలకుండ నువ్వు చూసుకో. గిదే నా మొక్కు."

నాకు తల వంచుకోవాలో దండం పెట్టాలో తెలియలేదు. ఇన్నాళ్లూ నా చదువు మీద గౌరవంతోనే నన్ను ప్రశ్న అడిగిందనుకున్నాను. మామ దగ్గాడు. గోదావరి వైపు చూశాడు. జేబులోంచి తాళాలు తీసి, నా ముఖం చూడకుండా నా చేతిలో పెట్టి, "ఇగ విప్పు, మొక్కు తీరింది" అన్నాడు అత్తతో. ముడుపు అడవి దుమ్ముతో ఎర్రగా అట్టకట్టి ఉంది. అత్త దాన్ని విప్పి కొంగులో పెట్టుకుని మెట్లెక్కింది. తిరుగు దారిలో మామ పొగ వస్తుందేమోనని పాల్వంచ దాకా సీటు మీద వెనక్కి తిరిగే కూర్చున్నాడు. అద్దంలోంచి చెట్లు చెట్లలాగే కనపడుతున్నాయి.

ఆ బండి మీద చాలా ఏళ్లు బతికాను, తర్వాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. పని నిజంగానే నేర్చుకున్నాను, ఆలస్యంగానైనా. అత్త పోయి చాలా కాలమైంది. మంచి మెకానిక్ అని నన్ను పొగిడినవాళ్లున్నారు, పనికిరానివాడని తిట్టినవాళ్లూ ఉన్నారు. నాకు ఏమీ రాదని దేవుడి ముందు ఒప్పేసుకుని, అయినా నాకే ఇవ్వమని అడిగిన మనిషి మాత్రం మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ ఏదైనా బండి అంతుపట్టక మొండికేస్తే, చుట్టూ ఉన్న కుర్రాళ్లకు వినపడకుండా "వీనికి పని రాదు, నేర్సుకుంటడు" అని నాకు నేనే అనుకుంటాను. ఆ మాట అనుకున్నాక ఎందుకో పానా తేలికగా తిరుగుతుంది.